గట్టు మీద సైకిల్ సరే, కాలువలో ఈత వద్దు: ట్రయథ్లాన్‌పై పాఠకుల ప్రశ్నలు

ఈత, సైకిల్, పరుగు మూడూ మధ్యలో ఆగకుండా వరసగా పూర్తిచేసే పోటీ ట్రయథ్లాన్. అందులో చిన్నది స్ప్రింట్: 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిల్, 5 కిలోమీటర్ల పరుగు. ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ దాని గురించే.

ప్రశ్న: చిన్నప్పటి నుంచి కాలువలో ఈదిన అలవాటు ఉంది. స్ప్రింట్ పోటీకి పేరిచ్చాను. దగ్గర్లో పూల్ లేదు. కాలువలో సాధన చేస్తే సరిపోతుందా? (రాజోలు)

జవాబు: సరిపోదు. పారే నీరు మీ వేగాన్ని ఉన్నదానికంటే ఎక్కువ చేసి చూపిస్తుంది. సెకనుకు 0.7 మీటరు ఈదే మనిషికి నిలవ నీటిలో 750 మీటర్లకు దాదాపు 18 నిమిషాలు పడుతుంది. కాలువ సెకనుకు అర మీటరు పారుతుంటే, అదే మనిషి వాలుకు పదిన్నర నిమిషాల్లో ముగిస్తాడు, ఎదురీదితే గంట దాటుతుంది. ఈ రెండు లెక్కలూ పోటీ రోజు పనికిరావు.

లెక్క సంగతి అలా ఉంచి, అసలు భయం వేరే ఉంది. లాకుల దగ్గరా తూముల ముందూ నీరు పైకి కదలనట్టే ఉంటుంది, అడుగున మాత్రం లాగేస్తుంది. గుర్రపుడెక్క కాళ్లకు చుట్టుకుంటుంది, రేవుల దగ్గర సీసా పెంకులు ఉంటాయి. వేసవిలో కాలువలు కట్టేస్తే సాధన ఎలాగూ ఆగిపోతుంది. రొయ్యల చెరువుల్లో అసలు దిగొద్దు. నీటిని చిలికి గాలి కలిపే ఏరేటర్ల కరెంటు తీగలు నీళ్లలోనే ఉంటాయి, ఒక్క చోట తొడుగు ఊడినా షాకు తప్పదు.

కాబట్టి వారానికి రెండు రోజులు కుదరకపోతే ఒక్క రోజైనా పూల్ ఉన్న ఊరికి వెళ్లండి. 25 మీటర్ల పూల్లో 750 మీటర్లంటే 30 సార్లు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు. మొదట 25 మీటర్లు ఈది 20 సెకన్లు ఆగుతూ 20 సార్లు చేయండి. అది సులువయ్యాక 50 మీటర్లవి 12, తర్వాత 100 మీటర్లవి 6. పోటీకి రెండు వారాల ముందు ఆగకుండా 800 మీటర్లు ఒక్కసారైనా పూర్తికావాలి.

కాలువలో ఈత నేర్చుకున్నవాళ్లందరికీ ఉండే అలవాటు ఒకటి మానుకోవాలి: తల పైకెత్తి ఈదడం. తల లేస్తే నడుము, కాళ్లు కిందికి దిగుతాయి. అప్పుడు నీటిని ఒంటితోనే తోసుకుంటూ పోవాల్సి వస్తుంది, 200 మీటర్లకే ఆయాసం. ముఖం నీటిలో పెట్టి అడుగు వైపు చూడండి, బుడగలు వచ్చేలా నీటిలోనే గాలి పూర్తిగా వదలండి, తల పక్కకు తిప్పి పీల్చుకోండి. దిక్కు చూసుకోవడానికి ఎనిమిది బారలకోసారి, మొసలిలా కళ్లు మాత్రమే పైకి వచ్చేలా చూసి వెంటనే దించేయండి. పూల్లో ఇది సాధన చేయాలంటే చివరి గట్టు మీద రంగు సీసా ఒకటి పెట్టుకుంటే చాలు.

పోటీలో గాభరా పుట్టేది ఎక్కువగా మొదటి 200 మీటర్లలో. పక్కవాళ్ల చేతులు తగులుతాయి, వాళ్లను చూసి మీరూ వేగం పెంచుతారు, ఊపిరి అందదు. గుంపు కదిలాక పది సెకన్లు ఆగి, అంచు వైపు నుంచి బయలుదేరండి. అయినా ఊపిరి ఆడకపోతే వెల్లకిలా తిరిగి, గాలి మొత్తం వదిలి, నాలుగైదు సార్లు నిదానంగా పీల్చండి. రక్షణ పడవను పట్టుకుని సేద తీరవచ్చు, దాని సాయంతో ముందుకు జరగకూడదు, అంతే. సాయం కావాలంటే చేయి పైకెత్తండి. ఏ రకం ఈత ఈదినా తప్పు కాదు.

ప్రశ్న: మొన్న స్ప్రింట్ పూర్తిచేశాను. సైకిల్ 43 నిమిషాల్లో అయింది. పరుగు మొదలెట్టగానే తొడలు పట్టేసి సగం దూరం నడవాల్సి వచ్చింది. విడిగా అయితే 5 కిలోమీటర్లు 32 నిమిషాల్లో పరిగెడతాను. ఎక్కడ తేడా వచ్చింది? (భీమవరం)

జవాబు: సైకిల్ మీదే. 43 నిమిషాలంటే గంటకు 28 కిలోమీటర్లు. 25తో తొక్కి ఉంటే 48 నిమిషాలు పట్టేది. ఐదు నిమిషాలు మిగిల్చుకుని, నడకలో పది పోగొట్టుకున్నారు. గాలిని చీల్చుకుపోవడానికి పెట్టే శక్తి వేగానికి ఘనంలో పెరుగుతుంది. ఆ లెక్కన 25 నుంచి 28కి వెళ్లాలంటే గాలి మీదే దాదాపు 40 శాతం ఎక్కువ శక్తి కావాలి. అదంతా తొడల నుంచే పోయింది.

డెల్టాలో తొక్కేవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. చదును నేల సులువనుకుంటాం. కానీ పల్లం లేదు కాబట్టి పెడల్ ఆపే సందర్భమే రాదు, కాళ్లకు విరామం లేదు. పెద్ద గేరు వేసి బలంగా తొక్కే అలవాటు కూడా ఇక్కడే పడుతుంది. గేరు తగ్గించి, నిమిషానికి 85 నుంచి 90 సార్లు తిరిగేలా తొక్కండి. 15 సెకన్లలో కుడి కాలు ఎన్నిసార్లు కిందికి వచ్చిందో లెక్కపెట్టండి. 21, 22 వస్తే సరిగ్గా ఉన్నట్టు. ఆఖరి రెండు కిలోమీటర్లు ఇంకో గేరు తేలిక చేయండి.

వారానికోసారి సైకిల్ దిగగానే పరిగెత్తే సాధన తప్పనిసరి. 45 నిమిషాలు తొక్కి, నాలుగు నిమిషాల్లోపు బూట్లు మార్చుకుని పది నిమిషాలు పరిగెత్తండి, క్రమంగా 20కి పెంచండి. మొదటి కిలోమీటరు మామూలు కంటే 30, 40 సెకన్లు నెమ్మదిగా, పొట్టి అడుగులతో పోవాలి. కాళ్లు మొద్దుబారినట్టు ఉంటాయి, ఐదారు నిమిషాలకు దారిలో పడతాయి.

సాధనకు తెల్లవారుజామున కాలువ గట్టు రోడ్లు బాగుంటాయి. మధ్యాహ్నం సముద్రపు గాలి లేచాక వెళ్లాల్సివస్తే, వెళ్లేటప్పుడు గాలికి ఎదురుగా, వచ్చేటప్పుడు గాలివాలుగా ఉండేలా దారి ఎంచుకోండి. ఎత్తు ఎక్కడం అలవాటు కావాలంటే మనకున్నవి వంతెనలే: చించినాడ, యానాం–ఎదుర్లంక. ట్రాఫిక్ పెరగకముందే వెళ్లిరండి. సార్వా, దాళ్వా కోతలప్పుడు రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం మీదకు ఎక్కించొద్దు, సన్న టైరు జారిపోతుంది. చేపల లారీల నుంచి కారిన నీటి చారలూ అంతే.

ప్రశ్న: రోడ్ సైకిల్ కొన్నాను. మా ఊళ్లో పంక్చర్ వేసే ఆయన దీనికి గాలి కొట్టలేనంటున్నాడు. మోకాలి ముందు భాగం కూడా నొప్పిగా ఉంటోంది. (పాలకొల్లు)

జవాబు: ఆయన తప్పేం లేదు. మీ ట్యూబుకు ఉన్నది సన్నటి ప్రెస్టా వాల్వు, ఆయన గొట్టం మోటారు బండ్ల వాల్వుకు సరిపోయేది. ఇత్తడి అడాప్టర్ ఒకటి కొని వాల్వుకే బిగించి ఉంచుకోండి, కాస్త డబ్బుతో పోయే పని. వాల్వు కొసన ఉన్న చిన్న నట్టు వదులుచేయకుండా గాలి ఎక్కదని ఆయనకు చెప్పండి. 25 మిల్లీమీటర్ల టైరుకు, 70 కిలోల మనిషికి 80 నుంచి 90 పీఎస్ఐ గాలి ఒత్తిడి చాలు. ఆ సైజు ట్యూబులు పల్లెల్లో దొరకవు, సీటు కింద సంచిలో రెండు పెట్టుకోండి. పంక్చరైతే ట్యూబు మార్చే ముందు టైరు లోపలంతా వేళ్లతో నిదానంగా తడమండి. గట్టు మీద తుమ్మ ముల్లు కొస విరిగి టైరులోనే ఉండిపోతుంది, అది తీయకపోతే కొత్త ట్యూబు కూడా పది నిమిషాల్లో పోతుంది.

మోకాలి ముందు నొప్పి అంటే సీటు కిందికి ఉందని మొదటి అనుమానం. వెనక నొప్పి అయితే ఎక్కువ ఎత్తులో ఉన్నట్టు. సీటు మీద కూర్చుని, పెడల్ పూర్తిగా కిందికి ఉన్నప్పుడు మడమ దాని మీద పెడితే కాలు నిటారుగా ఉండాలి. ముందు పాదంతో తొక్కినప్పుడు తగినంత వంపు దానంతటదే వస్తుంది. ఒక్కసారికి అర సెంటీమీటరే పెంచండి.

ప్రశ్న: పోటీలో కొబ్బరినీళ్లు తాగితే చాలా? ముందు ఏం తినాలి? (అమలాపురం)

జవాబు: కోనసీమలో ఈ మాట అనడం కష్టమే గానీ, చాలవు. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, చెమటలో పోయేది ప్రధానంగా సోడియం. లీటరుకు పావు టీస్పూను ఉప్పు కలిపితే దాదాపు 600 మిల్లీగ్రాముల సోడియం చేరుతుంది, అప్పుడు పనికొస్తాయి. కొబ్బరినీళ్లు కుదరకపోతే లీటరు నీటికి ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు.

ఎంత తాగాలో మీ చెమటే చెబుతుంది. గంట సాధనకు ముందూ తర్వాతా తడి బట్టలు తీసి తూకం చూసుకోండి. 70 కిలోలు 69.2 అయి, మధ్యలో అర లీటరు తాగి ఉంటే, చెమట 1.3 లీటర్లు. అదంతా తిరిగి తాగక్కర్లేదు. స్ప్రింట్‌కు సైకిల్ మీద 500 నుంచి 750 మిల్లీలీటర్లు, గుక్కగుక్కగా. ఉప్పు లేని నీరు లీటర్లకు లీటర్లు తాగితే రక్తంలో సోడియం పడిపోయి తలనొప్పి, వాంతులు, వేళ్ల వాపు వస్తాయి. అప్పుడు ఇంకా నీళ్లు తాగించడం ప్రమాదం.

రెండున్నర, మూడు గంటల ముందు నాలుగు ఇడ్లీలు, ఒక అరటిపండు. పెసరట్టు ఉప్మా, నెయ్యి, పప్పు ఆ పూటకు వద్దు, త్వరగా అరగవు. ఆత్రేయపురం పూతరేకులు పోటీ అయ్యాక తినండి.

ప్రశ్న: ఈతకీ సైకిల్‌కీ మధ్య బట్టలు, బూట్లు మార్చుకోవడంలో ఏడు నిమిషాలు పోయాయి. (కాకినాడ)

జవాబు: ఈతలో వేసుకున్న బట్టలతోనే తొక్కండి, మార్చొద్దు. చంకలు, తొడలు, మెడకు వాజలీన్ రాసుకోండి. తువ్వాలు నేల మీద పరిచి, దాని మీద బూట్లు నోరు తెరిచి, లోపల కాస్త పౌడరుతో. లేసులకు బదులు ఎలాస్టిక్ తాడు. హెల్మెట్ తిరగేసి హ్యాండిల్ మీద పెట్టి, పట్టీలు బయటికి వేలాడదీయండి. సైకిల్ ముందే తేలిక గేరులో ఉండాలి. హెల్మెట్ పట్టీ బిగించాకే సైకిల్ ముట్టుకోవాలి, తిరిగొచ్చాక స్టాండులో పెట్టాకే విప్పాలి. ఈ ఒక్క నియమం మరచి శిక్ష పడేవాళ్లు చాలామంది.

ప్రశ్న: స్ప్రింట్ అయింది. వచ్చేసారి నేరుగా గోవా ఐరన్‌మ్యాన్ 70.3కి (మూడూ కలిపి 70.3 మైళ్ల ట్రయథ్లాన్) వెళ్లొచ్చా? (తణుకు)

జవాబు: మధ్యలో ఒక ఒలింపిక్ దూరం చేయండి: 1.5 కిలోమీటర్ల ఈత, 40 సైకిల్, 10 పరుగు. గోవాలో 2019లో మొదలైన 70.3లో ఈత 1.9 కిలోమీటర్లు, అదీ సముద్రంలో. తర్వాత సైకిల్ 90, పరుగు 21.1. ఉక్కపోత మనకు కొత్త కాదు, అక్కడ మనవాళ్లకున్న ఆధిక్యం అదొక్కటే. అలల అలవాటు కోసం అంతర్వేదిలో అన్నాచెల్లెళ్ల గట్టు వైపు మాత్రం దిగొద్దు, నది సముద్రంలో కలిసేచోట లాగుడు ఈతగాడి వేగాన్ని మించిపోతుంది. సముద్రంలో సాధన ఎక్కడ చేసినా పక్కన మత్స్యకారుల పడవ, నడుముకు తాడుతో కట్టిన నారింజ రంగు గాలి సంచి ఉండాలి, ఒడ్డుకు సమాంతరంగా ఈదాలి. షుగరుకు ఇన్సులిన్ గానీ మాత్రలు గానీ వాడుతుంటే, శిక్షణ మొదలెట్టే ముందే డాక్టరుతో మోతాదు మాట్లాడుకోండి.