చిప్‌లోని టీ/ఆర్ స్విచ్: 28 గిగాహెర్ట్జ్ దగ్గర ఎందుకు మూసుకోదు?

ప్రశ్న: 65 నానోమీటర్ల సీమాస్ చిప్ టెక్నాలజీలో 28 గిగాహెర్ట్జ్ టీ/ఆర్ స్విచ్ (ఒకే యాంటెన్నాను ట్రాన్స్‌మిటర్‌కూ రిసీవర్‌కూ మార్చి మార్చి కలిపేది) చేస్తున్నాను. సిరీస్ ట్రాన్సిస్టర్ (సిగ్నల్ దారిలోనే ఉండేది) ఆన్‌లో 5 ఓమ్‌లు, ఆఫ్‌లో 40 ఫెమ్టోఫారడ్‌లు. ఐసోలేషన్ (మూసిన దారిలోకి సిగ్నల్ పోకుండా ఆపడం) 5 డీబీ కూడా రావడం లేదు. వెడల్పు పెంచితే ఇంకా పడిపోతోంది. ఎక్కడ తప్పుతున్నాను?
– ఎం.టెక్ విద్యార్థిని, వరంగల్

జవాబు: మీ సిమ్యులేషన్ సరిగ్గానే చెబుతోంది. 28 గిగాహెర్ట్జ్ దగ్గర 40 ఫెమ్టోఫారడ్‌లంటే 142 ఓమ్‌లే. 50 ఓమ్‌ల లైన్‌లో అది ఓరగా వేసిన తలుపు లాంటిది. లెక్క కడితే 4.8 డీబీ వస్తుంది. వెడల్పు రెట్టింపు చేస్తే ఓమ్‌లు సగమై కెపాసిటెన్స్ రెట్టింపవుతుంది. రెండింటి లబ్ధం, మీకు 200 ఫెమ్టోసెకన్లు, చిప్ తయారీ ప్రాసెస్‌తో వచ్చేది. వెడల్పుతో మారదు.

ట్రాన్సిస్టర్‌కు సమాంతరంగా 0.81 నానోహెన్రీల కాయిల్ పెట్టి రెజొనేట్ చేయవచ్చు గానీ బ్యాండ్ ఇరుకవుతుంది. మేమైతే సిరీస్ ట్రాన్సిస్టర్‌ను తీసేయమంటాం. యాంటెన్నా నుంచి రెండు వైపులా పావు తరంగం (తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతు పొడవు) లైన్లు వేసి, వాటి చివర షంట్ స్విచ్‌లు (లైన్‌ను గ్రౌండ్‌కు కలిపేవి) పెట్టండి. ఒకవైపు షంట్ ఆన్ చేస్తే, ఆ షార్ట్ యాంటెన్నా దగ్గరికి వచ్చేసరికి ఓపెన్‌గా కనిపిస్తుంది. ఆక్సైడ్‌లో ఆ లైన్ పొడవు దాదాపు 1.3 మిల్లీమీటర్లు. అంత చోటు లేకపోతే 0.28 నానోహెన్రీల కాయిల్, దాని రెండు కొసల్లో 114 ఫెమ్టోఫారడ్‌ల చొప్పున కెపాసిటర్లు అదే పని చేస్తాయి. యాంటెన్నా కొసన రెండు దారులవీ కలిసి 228 అవుతాయి. ప్యాడ్ (చిప్‌కు బయటి కనెక్షన్ ఇచ్చే మెటల్) కెపాసిటెన్స్‌ను అందులోంచి మినహాయించుకోండి.

అసలు లాభం షంట్ కొసన ఉంది. అక్కడ ఆఫ్ కెపాసిటెన్స్ ఆ 114లోనే ఇమిడిపోతుంది. కాబట్టి ధైర్యంగా వెడల్పు రెట్టింపు చేయండి: 2.5 ఓమ్‌లు, 80 ఫెమ్టోఫారడ్‌లు. విడిగా పెట్టాల్సింది 34 మాత్రమే. ఆ 2.5 ఓమ్‌లు యాంటెన్నా దగ్గర 1000 ఓమ్‌లుగా కనిపిస్తాయి, నష్టం 0.2 డీబీ. కాయిల్ క్యూ (నాణ్యతాంకం, ఎక్కువైతే నష్టం తక్కువ) 15 అయితే ఒక్కో కాయిల్‌కు మరో 0.3 డీబీ. ఐసోలేషన్ 26 డీబీ దాకా వస్తుంది.

అయితే ఈ అంకెలన్నీ లేఅవుట్‌లో నిలబడాలి. షంట్ సోర్స్ నుంచి గ్రౌండ్‌కు 20 పికోహెన్రీల దారి మిగిలినా 3.5 ఓమ్‌లు, అంటే ట్రాన్సిస్టర్ కంటే ఎక్కువ! స్కీమాటిక్‌లో ఇది కనిపించదు. సోర్స్ ఫింగర్లను రెండు వైపులా గ్రౌండ్ మెటల్‌కు దింపి, ఆ గ్రౌండ్‌ను కూడా ఈఎం (విద్యుదయస్కాంత) సిమ్యులేషన్‌లో చేర్చండి.

ప్రశ్న: సిరీస్-షంట్ స్విచ్‌లో పవర్ 10 డీబీఎం (10 మిల్లీవాట్లు) దగ్గరికి రాకముందే నష్టం పెరుగుతోంది. కారణం?
– చిప్ డిజైన్ ఇంజనీర్, హైదరాబాద్

జవాబు: బాడీని (ట్రాన్సిస్టర్ కింది సిలికాన్‌ను) నేరుగా గ్రౌండ్‌కు కట్టి ఉంటారు. 50 ఓమ్‌ల మీద 10 డీబీఎం అంటేనే 1 వోల్టు శిఖరం. 20 డీబీఎంకు 3.16 వోల్టులు. సిగ్నల్ నెగెటివ్‌కు దిగగానే 0.7 వోల్టుల దగ్గర డ్రెయిన్-బాడీ డయోడ్ ఆన్ అవుతుంది. ట్రిపుల్ వెల్ ట్రాన్సిస్టర్ (బాడీ మిగతా చిప్ నుంచి వేరుగా ఉండేది) వాడి, బాడీని 10 కిలోఓమ్‌ల ద్వారా గ్రౌండ్‌కు కట్టండి. గేటుకూ అంతే రెసిస్టర్ ఇవ్వండి, అప్పుడు గేటు సిగ్నల్‌తో పాటు కదులుతుంది. రెసిస్టర్‌ను గేటు పక్కనే ఉంచండి. దూరం పెడితే మధ్య తీగ కెపాసిటెన్స్ గేటును గ్రౌండ్ వైపు లాగేస్తుంది. గేటు కెపాసిటెన్స్ 100 ఫెమ్టోఫారడ్‌లైతే స్విచ్చింగ్ ఆలస్యం 1 నానోసెకను స్థాయిలోనే ఉంటుంది, భయం లేదు.

ట్రాన్స్‌మిట్ సమయంలో పూర్తి వోల్టేజీ పడేది ఆఫ్‌లో ఉన్న రెండింటి మీద: ట్రాన్స్‌మిటర్ వైపు షంట్, రిసీవర్ వైపు సిరీస్ ట్రాన్సిస్టర్. స్టాకింగ్ (వోల్టేజీ పంచుకునేలా ట్రాన్సిస్టర్లను వరుసగా పెట్టడం) అక్కడ చేయండి. రెండు ట్రాన్సిస్టర్లు వరుసగా పెట్టినప్పుడు ఓమ్‌లు పెరగకూడదంటే ఒక్కోదాని వెడల్పు రెట్టింపు కావాలి, అంటే చోటు నాలుగింతలు. యాంటెన్నా మిస్‌మ్యాచ్ అయితే వోల్టేజీ రెట్టింపు దాకా పోవచ్చు, ఆ మార్జిన్ కూడా వదలండి.