ఆర్టీఐ వేస్తానంటున్న చిన్నీకి పెద్దమ్మ ఉత్తరం

కాకినాడ

చిన్నీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. ఏడుస్తూ చెప్పింది గనక సగమే అర్థమైంది. మీ వీధిలో వేసిన సీసీ రోడ్డు ఒక్క వానాకాలానికే పెచ్చులు లేచిందట, నువ్వు సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు వేసి లెక్కలన్నీ బయటికి లాగుతానంటున్నావట. "అక్కా, నీ మాటైతే వింటుంది, వద్దని చెప్పవే" అంది. వద్దని నేను చెప్పను. సర్వీసంతా ఇంజినీరింగ్ ఆఫీసుల్లో ఫైళ్ళ మధ్య గడిపినదాన్ని. మన ఇంటి పిల్ల వెళ్ళి ఆ ఫైలు చూపించండి అని అడగబోతోందంటే నాకు గర్వంగానే ఉంది.

కానీ ఊరి వాట్సాప్ గ్రూపులో "త్వరలో ఆర్టీఐ వేస్తున్నా, అందరి బండారం బయటపడుతుంది" అని పెట్టావట కదా. అది విన్నాక నాకు నిద్ర పట్టలేదు. ఎవరు చెప్పమన్నారే నిన్ను? దరఖాస్తు ఇంకా రాయనేలేదు, ఊరంతా దండోరా వేసేశావు. ముందు అది తీసెయ్. చూసేవాళ్ళు చూసేసి ఉంటారు, అయినా తీసెయ్.

దరఖాస్తు వేయడం పెద్ద విద్యేం కాదు. తెల్లకాగితం మీద తెలుగులో రాస్తే చాలు. పైన "పౌర సమాచార అధికారి" అని, కింద ఆఫీసు పేరు రాయి, మనిషి పేరు అక్కర్లేదు. మన రాష్ట్రంలో గ్రామస్థాయి ఆఫీసుకు రుసుము లేదు, మండలస్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. నకళ్ళకు పేజీకి 2 రూపాయలు. ఆఫీసు తప్పైనా కంగారుపడకు, సెక్షన్ 6(3) ప్రకారం వాళ్ళే 5 రోజుల్లో సరైన చోటికి పంపాలి. ఇదివరకైతే రిజిస్టర్ పోస్టులో పంపమని చెప్పేదాన్ని. 2025లో దాన్ని స్పీడ్ పోస్టులో కలిపేశారు. సరే, స్పీడ్ పోస్టులోనే పంపి, చేరినట్టు చూపించే పేజీ ప్రింటు తీసి రసీదుతో కలిపి పిన్ను కొట్టి దాచుకో.

ఇక అసలు సంగతి. నువ్వు రాసుకున్న డ్రాఫ్టు మీ అమ్మ నాకు పంపింది. భాష బాగుంది, చదువుతుంటే నాకే కోపం వచ్చింది రోడ్డు వేసినవాళ్ళ మీద. అదే దానిలో లోపం. "రోడ్డు ఎందుకు పాడైంది? నాణ్యత ఎందుకు పాటించలేదు? ఇందుకు బాధ్యులు ఎవరు? ఏం చర్య తీసుకుంటారు?" ఇవన్నీ చదివి నాకు ఒక మాస్టారు గుర్తొచ్చారు.

చట్టం వచ్చిన కొత్తలో సంగతి. 2005 అక్టోబరు 12 నుంచి అమలన్నారు, ఆఫీసు గోడకు బోర్డు తగిలించారు, మాకందరికీ ట్రైనింగ్ ఇచ్చారు. అధికారి తరఫున జవాబులు రాసే పని నా టేబుల్‌కి వచ్చింది. ఒకరోజు తపాల్లో నాలుగు పేజీల దరఖాస్తు. రిటైరైన తెలుగు మాస్టారు రాశారు, ముత్యాల్లాంటి దస్తూరి. వాళ్ళ ఊళ్ళో కట్టిన మురుగు కాలువలో అడుగున కాంక్రీటు వేయలేదని ఆయన అనుమానం. అనుమానం ఏమిటి, నిజమే. ఆయన గునపంతో తవ్వి చూశారు. గుడి దగ్గర ఇన్ని అడుగులు, బడి మలుపులో ఇన్ని అడుగులు అని, ఎక్కడెక్కడ అడుగున కాంక్రీటు లేదో చోటు చోటూ రాశారు. కాంట్రాక్టరు పేరు రాశారు. ఎవరికి ఎంత వాటా ముట్టిందని ఊళ్ళో అనుకుంటున్నారో కూడా రాశారు. చివర వరసగా ప్రశ్నలు: ఎందుకు, ఎవరు, ఎలా.

ఆ కాగితం ఆఫీసులో అందరూ చదివారు. సాయంత్రానికల్లా దాని జిరాక్సు కాంట్రాక్టరు చేతిలో ఉంది. ఎవరిచ్చారో నేను చూడలేదు, చూడాల్సిన పనీ లేదు, అలాంటివి గోడలే మోసుకెళ్తాయి. తర్వాత కొద్ది రోజుల్లోనే కాంట్రాక్టరు మనుషులు వెళ్ళి, మాస్టారు కాగితంలో ఏ చోట్లు రాశారో సరిగ్గా ఆ చోట్ల మాత్రం కాంక్రీటు పోసొచ్చారు. ఒక్క అడుగు ఎక్కువ కాదు, తక్కువ కాదు. ఏం దాచాలో, ఎక్కడ దాచాలో ఆయనే చెప్పినట్టయింది.

జవాబు నేనే రాశాను. "మీరు కోరినవి ప్రశ్నల రూపంలో ఉన్నందున సెక్షన్ 2(ఎఫ్)లోని సమాచారం నిర్వచనం కిందికి రావు" అని. సిగ్గుపడమంటావా? పడను. చట్టం ఉన్నది అలాగే. ఆఫీసు దగ్గర ఉన్న రికార్డు ఇమ్మని అడగొచ్చు గానీ, అది ఎందుకలా ఉందో చెప్పమని అడగలేం. 2010లో మన ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన కేసులోనే సుప్రీంకోర్టు ఈ మాట చెప్పింది. ఒకాయన, జడ్జి తన తీర్పు ఎందుకలా ఇచ్చారో చెప్పమని దరఖాస్తు వేశాడు, కుదరదన్నారు. 2011లో సీబీఎస్ఈ కేసులోనూ లేని సమాచారాన్ని తయారు చేసి ఇవ్వక్కర్లేదన్నారు.

మాస్టారు మా ఉత్తరంలో అక్షరదోషాలన్నీ ఎర్రసిరాతో సరిదిద్ది తిప్పి పంపారు. నవ్వొచ్చింది అప్పట్లో. కానీ ఆయన అప్పీలు మాత్రం వేయలేదు. గడువు అలాగే పోయింది. కోపంతో కలెక్టరు గారి గ్రీవెన్సుకి అర్జీ పెట్టారు. ఆ అర్జీ ఎక్కడికొస్తుంది? తగు చర్య నిమిత్తం అంటూ డివిజన్ ఆఫీసు మీదుగా మళ్ళీ నా టేబుల్‌కే వచ్చింది. కొత్తగా పోసిన కాంక్రీటు ఫొటోలు జతచేసి, ఆరోపణలు నిరాధారమని రిపోర్టు పంపి ఫైలు మూసేశారు.

ఇవన్నీ ఒకెత్తు. ఆ మొదటి సాయంత్రం కాంట్రాక్టరు మాస్టారింటికి వెళ్ళాడట. గొడవేం చేయలేదు. అరుగు మీద కూర్చుని మజ్జిగ పుచ్చుకుని, మనవరాలు ఏం చదువుతోందని అడిగాడట. ఏ బస్సుకి వెళ్తోంది, ఎన్నింటికి వస్తోంది అని కూడా అడిగాడట. అంతే. నీ వాట్సాప్ మెసేజ్ గురించి వినగానే నాకు కాలువ గుర్తు రాలేదే, ఆ బస్సు గుర్తొచ్చింది.

మాస్టారు అడగాల్సింది ఒక్క కాగితం. "ఫలానా పనికి సంబంధించిన ఎం-బుక్కు ధ్రువీకరించిన నకలు ఇవ్వండి." అనుమానం లేదు, పేరు లేదు, ప్రశ్న లేదు. అలా అడిగి ఉంటే మాకు దారి ఉండేది కాదు. ఎం-బుక్కంటే కొలతల పుస్తకం. పేజీలకు ముందే నంబర్లు వేసి ఉంటాయి, చించడానికి వీల్లేదు, చెరపడానికి వీల్లేదు, తప్పు పడితే గీత కొట్టి పక్కన సంతకం చేయాల్సిందే. పొడవు ఎంత, వెడల్పు ఎంత, మందం ఎంత అని ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజినీరు, కొలిచి రాస్తాడు, పై అధికారి సరిచూసి సంతకం పెడతాడు, దాన్ని బట్టే బిల్లు. అడుగున కాంక్రీటు వేసినట్టు అందులో రాసి, నేల మీద లేకపోతే ఇక మాస్టారు ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు. ఆ నకలు చేతికొచ్చాకే గునపం పట్టుకోవాలి.

నీ రోడ్డుకీ అంతే. పరిపాలనా అనుమతి, సాంకేతిక అనుమతి, ఎస్టిమేట్, ఎం-బుక్కులో ఆ పని పేజీలు, నాణ్యత పరీక్షల రిపోర్టు, బిల్లు చెల్లింపు వోచరు. ఒక దరఖాస్తులో ఒకే పని, పని పేరూ సంవత్సరం తప్పులేకుండా. కొలతలు కంప్యూటర్లో ఎక్కించాం అంటారేమో, అదీ రికార్డే, ప్రింటు తీసి ఇవ్వమను. "మా ఊళ్ళో జరిగిన అన్ని పనుల వివరాలు" అని మాత్రం రాయకు, వేల పేజీలున్నాయి, ముందు డబ్బు కట్టండి అని నోటీసు వస్తుంది. అంత పెద్ద ఫైలైతే వెళ్ళి చూస్తానని రాయి, మొదటి గంటకు రుసుము లేదు. సెక్షన్ 2(జె) ప్రకారం ఫైలు చూడటమే కాదు, పనిని తనిఖీ చేయొచ్చు, వాడిన సామగ్రి నమూనాలు కూడా ధ్రువీకరించి ఇమ్మని అడగొచ్చు. అది రెండో దరఖాస్తులో అడుగుదువుగాని, తొందరపడకు. కూలీల పేర్లు, ఉద్యోగుల సొంత వివరాలు అడగొద్దు. 2023 నాటి డేటా రక్షణ చట్టంతో సెక్షన్ 8(1)(జె) మార్చేశారు, వ్యక్తిగత సమాచారం అని ఒక్క ముక్క రాసి తోసిపుచ్చడం ఇప్పుడు మరీ సులువు.

కాగితం విలువ మీ తాతయ్యకు బాగా తెలుసు. 1984లో ఎన్టీఆర్ కరణాలను తీసేసేదాకా ఊరి అడంగళ్ళన్నీ కరణం గారింట్లో భోషాణంలో ఉండేవి. మన పొలం మీద ఏం రాసి ఉందో చూడాలన్నా తాతయ్య గుమ్మడికాయో అరటిగెలో పట్టుకుని వెళ్ళి అరుగు మీద కూర్చోవలసిందే. కరణం గారు తీరిగ్గా తాంబూలం వేసుకుని, చదివి వినిపించేవారే గానీ పుస్తకం మన చేతికిచ్చేవారు కాదు. రాజస్థాన్‌లో అరుణా రాయ్, మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే కూలీల, రైతుల సంఘం వాళ్ళు 1990ల్లో ఊరూరా అడిగినవీ ఇవే, బిల్లులు, వోచర్లు, మస్టర్ రోల్స్ అనే కూలీల హాజరు పట్టీలు. 1996లో బ్యావర్‌లో రోజుల తరబడి ధర్నా కూర్చున్నది వీటి నకళ్ళ కోసమే. సభలో మస్టరు చదివి వినిపిస్తుంటే, చచ్చిపోయినవాళ్ళ పేర్లకు కూడా కూలి ఇచ్చినట్టు బయటపడేది. నీకు ఈ కథలంటే ఇష్టం కదా అని రాశాను, దరఖాస్తులో మాత్రం రాయకు.

గడువులు క్యాలెండరు మీద ఇప్పుడే గుర్తు పెట్టుకో. 30 రోజుల్లో జవాబు రాకపోతే నిరాకరించినట్టే లెక్క. అక్కడి నుంచి 30 రోజుల్లోపు అదే శాఖలో పై అధికారికి మొదటి అప్పీలు. ఆయన 30 రోజుల్లో, మహా అయితే 45 రోజుల్లో తేల్చాలి. అప్పటికీ తేలకపోతే 90 రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కి. గడువు దాటాక ఇచ్చే నకళ్ళకు డబ్బు తీసుకోకూడదు. రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 దాకా జరిమానా వేసే అధికారం కమిషన్‌కే ఉంది, అదీ ఆఫీసు డబ్బు కాదు, అధికారి సొంత జేబులోంచి. మా ట్రైనింగ్‌లో సగం మంది నిద్రపోయారు గానీ, ఈ సెక్షన్ 20 దగ్గరికి రాగానే అందరూ లేచి కూర్చున్నారు.

నీకు ఫోన్ వస్తుంది, చూస్తూ ఉండు. "అమ్మా, చిన్నపిల్లవి, ఈ గొడవలెందుకు, ఒకసారి ఆఫీసుకి రా, మాట్లాడుకుందాం" అని. మర్యాదగా, ఏం చెప్పాలన్నా రాసి పంపండి అను. కాగితాలు చేతికి రాకుండా "సమాచారం అందినది" అని సంతకం పెట్టొద్దు. ఫైలు చూడటానికి ఒక్కదానివీ వెళ్ళొద్దు. నన్ను పిలువు, మోకాళ్ళ నొప్పులున్నా వస్తాను. ఎం-బుక్కులో ఎక్కడ చూడాలో నీకంటే నాకే తెలుసు.

అడ్రసు సంగతి. సెక్షన్ 6(2) ప్రకారం ఎందుకు అడుగుతున్నావో చెప్పక్కర్లేదు, నీకు జవాబు పంపడానికి కావలసినవి తప్ప సొంత వివరాలూ ఇవ్వక్కర్లేదు. పోస్టు బాక్సు నంబరు ఇచ్చినా చాలని 2013లో కలకత్తా హైకోర్టు చెప్పింది. అంత శ్రమెందుకు, కేరాఫ్ అని నా కాకినాడ అడ్రసు పెట్టు. నన్ను మజ్జిగ అడగడానికి ఇంత దూరం ఎవరొస్తారో చూస్తాను. ఇదంతా ముసలిదాని చాదస్తం అనుకోకు. 2010లో పుణె దగ్గర సతీశ్ శెట్టిని చంపేశారు, అదే ఏడు అహ్మదాబాద్‌లో హైకోర్టు దగ్గరే అమిత్ జేఠ్వాను కాల్చేశారు. ఇద్దరూ ఆర్టీఐ కార్యకర్తలే. మీ అమ్మకు ఈ పేర్లు తెలియవు, నేను చెప్పను, నువ్వూ చెప్పకు. మన రోడ్డు అంత పెద్ద వ్యవహారం కాదని నాకూ తెలుసు. అయినా రోజూ సాయంత్రం ఇంటికి చేరగానే నాకొక మెసేజ్ పెట్టు, ఈ పని అయ్యేదాకా.

మీ అమ్మతో నేను మాట్లాడతాను. దాని భయం నేను చూసుకుంటాను, నువ్వు దానిమీద అరవకు. ఆదివారం లోపు డ్రాఫ్టు తిరగరాసి, పోస్టు చేసేముందు నాకు పంపు. అందులో "ఎందుకు" అన్న మాట ఒక్కటి కనబడినా వెనక్కి పంపేస్తాను.

నీ పెద్దమ్మ