జపనీస్ లిపి, ఉచ్చారణ: తెలుగువాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలి?

ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకుని జపనీస్ నేర్చుకోవచ్చా అని అడిగారు. మొదటి వారం సరే, తర్వాత అదే అడ్డమవుతుంది.

ముందు జపనీస్ ప్రాథమిక లిపి హిరగానా పట్టండి, మూలాక్షరాలు 46. తర్వాత అవే ధ్వనులకు వేరే ఆకారాలైన కతకానా. విదేశీ మాటలు ఎక్కువగా అందులోనే రాస్తారు. ఇక చైనా నుంచి వచ్చిన అక్షరాలు కంజీలు, జపాన్ ప్రభుత్వపు నిత్యవాడుక పట్టికలో 2,136. వాటి గురించి ఇప్పుడే టెన్షన్ వద్దు.

అచ్చుల వరస అ, ఇ, ఉ, ఎ, ఒ. హల్లులు క, స, త, న, హ, మ, య, ర, వ. మన వర్ణమాల పోలిక కనబడుతోందా? బౌద్ధంతోపాటు అక్కడికి చేరిన సంస్కృత వర్ణక్రమం ప్రభావమది. 'క' పక్కన రెండు చిన్న గీతలు పెడితే 'గ', 'త' పక్కన పెడితే 'ద'.

మనకు అసలు లాభం దీర్ఘాలు, ద్విత్వాల దగ్గర. 'ఒబసన్' అంటే అత్తో పిన్నో, 'ఒబాసన్' అంటే బామ్మ. 'కితె' అంటే వచ్చి, 'కిత్తె' అంటే తపాలా బిళ్ల. ఇంగ్లిష్ వాళ్లు తంటాలు పడే ఈ తేడా మన చెవికి పుట్టుకతోనే తెలుసు. ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తే దీర్ఘం తరచూ ఎగిరిపోతుంది, అందుకే వద్దంటున్నా.

కొన్ని మెలికలున్నాయి. 'త' వరసలో 'తి, తు' ఉండవు. 'చి, త్సు' ఉంటాయి. 'ల' విడిగా లేదు. వాక్యం చివర వచ్చే 'దెసు' అనే మాటలో ఆఖరి 'ఉ' దాదాపు వినబడదు. దేని గురించి చెబుతున్నామో ఆ మాట పక్కన వచ్చే 'వ'ని 'హ' అక్షరంతో రాస్తారు. కారణం వెతక్కుండా గుర్తుపెట్టుకోండి.

స్వరం ఎత్తడం మాత్రం వినే నేర్చుకోవాలి. టోక్యో పలుకులో 'హషి' మొదటి అక్షరం ఎత్తితే భోజనానికి వాడే పుల్లలు (చాప్‌స్టిక్స్), రెండోది ఎత్తితే వంతెన. జపాన్ ప్రజా ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే వరల్డ్ ఉచిత పాఠాల్లో ఆడియో ఉంటుంది, దాంతో మొదలుపెట్టండి.