"ఇది ఎన్నాళ్ళ నాటిది?" అన్న ఒక్క మాటకి ఏడుపొచ్చింది

ప్రశ్న: నాకు 38 ఏళ్ళు. మావారూ నేనూ ఇద్దరం ఉద్యోగస్తులమే. బాబుకి 11, పాపకి 6. అత్తయ్యగారు మాతోనే ఉంటారు. సాయంత్రం నేను ఇల్లు చేరేసరికి ఏడున్నర అవుతుంది. రోజూ బయటి తిండి తెప్పించడం ఇష్టం లేక, రెండు నెలలుగా ప్రతి ఆదివారం వారానికి సరిపడా వండి, డబ్బాల్లో సర్ది ఫ్రీజర్‌లో పెడుతున్నాను. పొద్దున ఆఫీసుకి వెళ్తూ ఒక డబ్బా తీసి గట్టు మీద పెడతాను. రాత్రికి కరిగి ఉంటుంది, వేడి చేస్తాను. పిల్లలు సరిగ్గా తినడం లేదు. "బంగాళదుంప ఇసుకలా ఉందమ్మా" అంటాడు బాబు. అత్తయ్యగారు "నిల్వ తిండి పిల్లలకి పెట్టకూడదమ్మా" అని వాళ్ళకి మళ్ళీ వేరే వండుతున్నారు. మొన్న మావారు మూత తీసి "ఇది ఎన్నాళ్ళ నాటిది?" అన్నారు. ఆ డబ్బా సింకులో బోర్లించేసి గదిలోకి వెళ్ళి ఏడ్చాను. ఆదివారం ఏడు గంటలు పొయ్యి దగ్గర నిలబడుతున్నాను. నేను చేస్తున్నది తప్పా? మంచి తల్లిని కాదేమో అనిపిస్తోంది.

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన మాట ఆ ఏడు గంటలు. వారంలో ఆరు రోజులు పని చేసి, మిగిలిన ఒక్క రోజూ పొయ్యికి ఇచ్చేశారు. అంత ఇచ్చాక ఎవరైనా మూత తీసి ముఖం చిట్లిస్తే ఏడుపు రాక ఏమవుతుంది? మీరు చెడ్డ తల్లి కాదు. బాగా అలసిపోయిన తల్లి. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది, ఆ తేడా మీరు మర్చిపోతున్నారని నా భయం.

ముందుగా వండి ఫ్రీజర్‌లో పెట్టుకోవడం తప్పు కాదు. సరిగ్గా చేస్తే అది మంచి తిండే. పప్పులో మాంసకృత్తులు, కూరగాయల్లో పీచు, ఖనిజాలు గడ్డకట్టినంత మాత్రాన పోవు. సి విటమిన్ లాంటివి కొంత తగ్గుతాయి, నిజమే. భోజనంలో ఒక పచ్చి కూరగాయో పండో చేర్చితే ఆ లోటు తీరిపోతుంది.

అయితే మీకు కాస్త కష్టంగా అనిపించే మాట ఒకటి చెప్పాలి. మీ అత్తగారి భయంలో సగం నిజముంది. పొద్దున గట్టు మీద పెట్టిన డబ్బా రాత్రి దాకా అక్కడే ఉంటుందని రాశారు. అది ఈరోజు నుంచే మానేయండి. లోపల ఇంకా గడ్డగా ఉండగానే అంచులు గది వేడికి వచ్చేస్తాయి. 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి. ఫ్రీజర్ వాటిని చంపదు, నిద్రపుచ్చుతుందంతే. కరగగానే మళ్ళీ లేస్తాయి. పది పన్నెండు గంటలు బయట ఉన్న కూరని ఎంత మరిగించినా కొన్ని సూక్ష్మజీవులు అప్పటికే వదిలిన విషం పోదు. అన్నం విషయంలో ఇది మరీ ముఖ్యం. పైగా వాసనలో తేడా తెలియకపోవచ్చు కాబట్టి ముక్కుని నమ్ముకోవడానికి లేదు.

దీనికి విరుగుడు పెద్ద పనేమీ కాదు. రేపటి డబ్బాని ఈ రాత్రి పడుకోబోయే ముందు ఫ్రీజర్ లోంచి తీసి కింద ఫ్రిజ్‌లో పెట్టండి. రేపు సాయంత్రానికి నెమ్మదిగా, చల్లగానే కరుగుతుంది. మర్చిపోయారా, టెన్షన్ పడకండి. పప్పు, సూప్, పులుసుగా ఉండే కూర ఏదైనా గడ్డగానే గిన్నెలో వేసి, కొంచెం నీళ్ళు పోసి, సన్నని సెగ మీద కరిగించి బాగా మరిగించవచ్చు. మధ్యలో కూడా ఆవిరి రావాలి, 74 డిగ్రీలు దాటాలి. అంచులు కుతకుతలాడుతుంటే అయిపోయిందనుకోకండి, కలిపి చూడండి.

వండిన రోజు చల్లార్చడం కూడా ఇంతే ముఖ్యం. పెద్ద గిన్నెడు కూర అలాగే వదిలేస్తే మధ్యభాగం గంటల తరబడి వెచ్చగా ఉంటుంది. వేడి గిన్నెని ఫ్రీజర్‌లోకి తోస్తే పక్కనున్నవి కరగడం మొదలవుతుంది. వండగానే లోతు తక్కువ ఉన్న డబ్బాల్లోకి, రెండంగుళాల మందానికి మించకుండా సర్దండి. గిన్నె కింద చల్లటి నీళ్ళు పెడితే ఇంకా త్వరగా చల్లారుతుంది. వండిన రెండు గంటల్లోపు లోపలికి వెళ్ళిపోవాలి, అన్నమైతే గంటలోపే. డబ్బా నిండా నింపకండి. నీరు గడ్డకట్టేటప్పుడు దాదాపు 9 శాతం ఉబ్బుతుంది, మూతలు లేచిపోయేది అందుకే. ఫ్రీజర్ మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉండాలి. అలా ఉంటే తిండి పాడవదు. కానీ రుచి బాగుండాలంటే రెండు మూడు నెలల్లో వాడేయాలి.

ఇక బాబు మాట. ఇసుకలా ఉందన్నాడంటే వాడు పేచీ పెట్టడం లేదమ్మా, ఉన్నదున్నట్టు చెప్పాడు. బంగాళదుంప ముక్కలు ఫ్రీజర్‌లో నిజంగానే అలా అవుతాయి. లోపలి నీరు మంచు పలుకులుగా మారి గుజ్జుని చీల్చేస్తుంది, కరిగాక నీరు ఒక వైపు, పలుకులు ఒక వైపు. పెరుగు, క్రీమ్ వేసిన కూరలు విరిగినట్టవుతాయి. ఉడికించిన గుడ్డులో తెల్లసొన రబ్బరులా సాగుతుంది. వేపుళ్ళు మెత్తబడతాయి. కీరా సంగతి చెప్పనే అక్కర్లేదు. ఇవన్నీ తినే రోజు కలపవలసినవి. పప్పు, ఉడికించిన శనగలు, చిక్కుడు గింజలు, చికెన్ కూర, వేయించి ఉంచిన ఉల్లిపాయ టమాటా ముద్ద, కూరగాయల సూప్ మాత్రం ఫ్రీజర్‌కి బాగా సరిపోతాయి. పచ్చి బీన్స్, క్యారెట్ ముక్కలు దాచాలంటే మరుగుతున్న నీళ్ళలో రెండు మూడు నిమిషాలు వేసి, వెంటనే మంచు నీళ్ళలోకి తీసి, తడి ఆర్చి పెట్టండి. లేకపోతే రంగూ రుచీ పోతాయి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. వంటలో పొరపాట్లు ఒక వారంలో సర్దుకుంటాయి. ఇంట్లో అందరూ తింటున్నారు, పని మాత్రం మీ ఒక్కరిదే అయింది. నన్ను కలవరపెడుతున్నది ఇదే. రోజువారీ అలసటని తీసుకెళ్ళి ఆదివారంలో కుప్ప పోశారు, బరువు తగ్గలేదు. ఎవరి చెయ్యీ పడని వంట ఎవరికైనా పరాయిగానే ఉంటుంది. దాన్ని విమర్శించడమూ తేలికే.

మీవారి ప్రశ్ననే చూడండి. "ఇది ఎన్నాళ్ళ నాటిది?" అన్నది మీకు నిందలా తగిలింది. ఆయన గొంతు ఎలా ఉందో నాకు తెలియదు, ఒకవేళ విసుగుగానే అన్నారేమో. కానీ ఆ ప్రశ్నకి జవాబు డబ్బా మీదే ఉండాలి. ఏమిటి, ఏ తేదీన వండింది, ఎంతమందికి సరిపోతుంది. ఈ మూడూ రాసి అంటించే పని బాబుకి ఇవ్వండి. 11 ఏళ్ళవాడు చక్కగా చేస్తాడు. తను రాసి పెట్టిన డబ్బా బల్ల మీదికి వచ్చినప్పుడు ముఖం తిప్పుకోవడం కష్టం కూడా.

మీవారిని "కాస్త సాయం చేయొచ్చుగా" అని అడగకండి. ఆ మాటలో వంట మీది, సాయం ఆయనది అయిపోతుంది. పని పేరు పెట్టి అడగండి: "రోజూ రాత్రి రేపటి డబ్బా కిందికి దించే పని, ఆదివారం చల్లార్చి సర్దే పని ఇకమీదట మీవి. నేను వాటిని గుర్తు కూడా చేయను." చివరి వాక్యం మర్చిపోకండి. గుర్తు చేయడం మీ దగ్గరే ఉంటే ఆ పని సగం మీ దగ్గరే ఉన్నట్టు. ఒక రోజు ఆయన మర్చిపోతారు. మర్చిపోనివ్వండి. ఆ రోజు గుడ్డు, బ్రెడ్డుతో గడుస్తుంది.

అత్తగారి దగ్గరికి తప్పు ఒప్పుకుంటూ వెళ్ళమని చెబుతాను. ఓడిపోవడం అనుకోకండి. "అత్తయ్యా, రోజంతా బయట పెట్టడం నా పొరపాటే, మీరు అన్నది నిజం. ఇప్పుడు ఇలా మార్చాను" అనండి. ఆవిడ మనవల ఆరోగ్యం గురించి భయపడుతున్నారు, మీరూ అదే ఆరోగ్యం కోసం నిలబడి వండుతున్నారు. తర్వాత ఒక మాట అడగండి. వాళ్ళకి మళ్ళీ మొత్తం వంట చేసే బదులు, మీ డబ్బా వేడెక్కే వేళకి తాజాగా ఒక్కటి, వేడి అన్నమో, ఒక పచ్చి కూరగాయల ముక్కల గిన్నో, ఆవిడ చేతి నుంచి రాగలదా అని. ఆవిడకి ఓపిక ఉంటేనే సుమా, పెద్దావిడ మీదికి మీ భారం మార్చమని నా ఉద్దేశం కాదు.

పని కూడా తగ్గించండి. వారం మొత్తానికి వండాలని ఎవరు చెప్పారు? రాత్రి వేళ మూడు భోజనాలు ఫ్రీజర్ నుంచి వస్తే చాలు. అవీ ఆదివారమే వండక్కర్లేదు. మంగళవారం పప్పు చేస్తుంటే రెట్టింపు చేసి సగం దాచండి. శనగలు నానబెట్టినప్పుడు ఇంకో పూటకి కూడా నానబెట్టండి. పొయ్యి దగ్గర ఎలాగూ నిలబడ్డారు, అదనంగా పట్టేది పావుగంట. ఉప్పు కొంచెం తక్కువే వేయండి, తినే రోజు రుచి చూసి సరిచేసుకోవచ్చు. నిమ్మరసం, తాజా ఆకులు కూడా ఆ రోజే.

ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. నిద్ర పడుతోందా? ఈ ఏడుపు ఆ ఒక్క రోజుదా, తరచూ వస్తోందా? రెండు వారాలకి మించి ఏ పనీ చేయబుద్ధి కాకపోయినా, ఊరికే కన్నీళ్ళు వస్తున్నా డాక్టర్‌ని కలవండి. ఫ్రీజర్ సర్దుకున్నాక చూద్దాంలే అని వాయిదా వేయకండి.

ఈ ఆదివారం మాత్రం నిల్వకి ఏమీ వండకండి. పిల్లలూ మీవారూ కలిసి ఫ్రీజర్ ఖాళీ చేసి చూడనివ్వండి. బయట కరిగి మళ్ళీ లోపలికి వెళ్ళినవి ఉంటే పారేయమనండి, మిగతావాటికి తేదీలు గుర్తు తెచ్చుకుని రాయమనండి. ఆ గంటసేపు మీరు వంటింట్లో ఉండొద్దు. నెల తర్వాత ఎలా ఉందో నాకు రాయండి, ఎదురుచూస్తుంటాను.