చార్మినార్ గాజు ఫలకాన్ని బాగుచేయబోయే మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీర్వదించి వ్రాయునది.

చార్మినార్ కూడలి చిత్రం ఉన్న పాత గాజు నెగటివ్ ఒకటి నీ చేతికి వచ్చిందనీ, దానిని శుభ్రం చేసి పెద్ద సైజులో అచ్చు వేయించాలనుకుంటున్నావనీ అక్కయ్య చెప్పింది. సంతోషం. అయితే పని మొదలుపెట్టే ముందు ఆ చిత్రం ఏ కాలానిదో తేల్చుకో. చార్మినార్ కట్టింది 1591లోనే అయినా నాలుగు ముఖాల మీదా గడియారాలు అమర్చింది 1889లో, కాబట్టి గడియారం ఉండవలసిన చోట ఖాళీ గోడ కనిపిస్తే ఆ ఫలకం అంతకు ముందుది. 1908 సెప్టెంబరులో మూసీ వరద వచ్చింది, 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడింది, ఆ తరువాతే పత్తర్‌గట్టి బజారు రాతి తోరణాలు లేచాయి. చార్‌కమాన్ అనే నాలుగు కమానులు దాటి ఉత్తరంగా ఆ తోరణాలు కనిపిస్తే నీ చిత్రం వరదకు తరువాతిదే. నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడు లాలా దీన్‌దయాళ్ 1905లో కన్నుమూశాడు కనుక, ఆయన తీసిన హైదరాబాదు చిత్రాలన్నింటిలోనూ ఉన్నది వరద తాకని నగరమే. ఇంత చరిత్రను నిలబెట్టేది ఒక గోడ మూల, ఒక దుకాణం పందిరి, ఒక గడియారం. మనం బ్రష్‌తో ముందుగా చెరిపేది కూడా వాటినే.

ఈ మాట అనుభవంతో చెబుతున్నాను. పని నేర్చుకునే రోజుల్లో ఒక బజారు చిత్రంలో నేలకు దగ్గరగా పొగలా ఉన్న చారలను మరకలనుకుని, రెండు రాత్రులు కూర్చుని ఒక్కొక్కటీ తుడిచేశాను. అవి మరకలు కావు, నడిచిపోతున్న మనుషులు. ఆ రోజుల్లో ఫలకానికి చాలినంత వెలుగు తగలాలంటే తరచు సెకనుపాటు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువసేపు కెమెరా మూత తీసి ఉంచవలసి వచ్చేది. నిలబడినవాడు స్పష్టంగా పడితే, కదిలినవాడు పొగలా మిగిలేవాడు, వేగంగా పోయినవాడు అసలు పడేవాడే కాదు. పాత చిత్రాలలో కూడళ్లు నిర్మానుష్యంగా ఉండటానికి ఇదే ముఖ్య కారణం. జనంతో కిటకిటలాడిన బజారును నేను నా చేతులతోనే ఖాళీ చేశాను. పగులు, బూజు, వేలిముద్ర, గీత తీసెయ్యి. కెమెరా చూసినదాన్ని మాత్రం, అది ఎంత అందవికారంగా ఉన్నా, ముట్టుకోకు.

రంగులు వేయాలన్న ఆలోచన ఉంటే మానుకో అంటాను. ఆనాటి మామూలు ఫలకం నీలి కాంతికే బాగా స్పందించేది, ఎరుపును దాదాపు పట్టించుకునేది కాదు. అందుకే ఆకాశం తెల్లగా తేలిపోతుంది, ఎర్ర తలపాగా నల్లగా పడుతుంది. ఆ నలుపును చూసి కంప్యూటరు ఏ రంగు వేసినా అది ఊహే, కానీ చూసేవాడు దానిని సాక్ష్యమని నమ్ముతాడు.

ఇంకొక చిక్కు చార్మినార్‌కే ప్రత్యేకం. నాలుగు వైపులా ఒకేలా ఉండే కట్టడం కనుక ఫలకాన్ని తిరగేసి స్కాన్ చేసినా ఎవరికీ అనుమానం రాదు. మెరుపు లేని ముఖమే ఎమల్షన్, అంటే బొమ్మను పట్టిన రసాయన పూత, ఉన్న వైపని గుర్తుపెట్టుకో. సందేహముంటే దుకాణాల మీది ఉర్దూ అక్షరాలు చదివించు, లేదా గడియారం ముళ్లు చూడు: తిరగబడితే ఉదయం పది గంటలు మధ్యాహ్నం రెండైపోతాయి!

స్కాన్ చేసిన మొదటి ఫైలును వెలుగునీడల సన్నని తేడాలు పోకుండా పదహారు బిట్లలో, కుదించకుండా, వేరుగా దాచు. దిద్దుబాట్లన్నీ నకలు మీదే చెయ్యి. ఎక్కడ ఏమి పూరించావో ఒక కాగితం మీద రాసి అచ్చుతో పాటే ఉంచు.

వచ్చే ఆదివారం ఫలకం తీసుకుని రా, భూతద్దంతో కలిసి చూద్దాం. అంచులతోనే పట్టుకో, మెత్తటి కాగితంలో చుట్టి అట్టపెట్టెలో నిలువుగా పెట్టు. స్కూటరు మీద మాత్రం తేవద్దు, మా వీధి గోతుల సంగతి నీకు తెలుసు.

ఆశీస్సులతో,
మావయ్య