ఐస్‌లో పెట్టినా చేపలు దారిలోనే మెత్తబడుతున్నాయంటే

ఐస్ నిండా వేసినా చేపలు ఇల్లు చేరేసరికి మెత్తబడి వాసన వచ్చాయంటే, వాటిని వెచ్చగా ఉన్నప్పుడే పెట్టెలో సర్ది ఉంటారు. వెచ్చని చేప ఐస్‌ను త్వరగా కరిగిస్తుంది. ఆ నీటిలో గంటల తరబడి నానిన కండ పాడవుతుంది.

1. పట్టిన వెంటనే మొప్పల దగ్గర కోసి రక్తం పోనివ్వండి. తర్వాత పేగులు, మొప్పలు తీసేసి, వెన్నెముక వెంట నల్లగా అంటుకొని ఉండే రక్తపు చారను గోటితో గీకి కడగండి.

2. చాలామంది వదిలేసేది ఈ పనే. సర్దే ముందు చేపలను ఐస్, నీళ్లు కలిపిన చిక్కటి మిశ్రమంలో ముంచి ఉంచాలి. ఐస్ ముక్కల మధ్య గాలి మిగిలిపోతుంది కానీ, నీరు చేపను అన్ని వైపులా తాకి లోపలి వేడిని లాగేస్తుంది. పెద్ద చేపకు కొన్ని గంటలు పట్టవచ్చు. పొట్టలో వేలు పెట్టి వెన్నెముకను తాకితే ఐస్‌లాగే చల్లగా తగలాలి. అంతవరకు తొందరపడకండి.

3. ఆ తర్వాత నీరు చొరబడని సంచుల్లో పెట్టి, చేపల బరువుకు తగ్గకుండా ఐస్ వేసి, కరిగిన నీటిని దారిలో వంపేస్తూ ఉండండి.

4. విమానంలో డ్రై ఐస్‌తో (గడ్డకట్టించిన కార్బన్ డయాక్సైడ్, ఇది కరగకుండా నేరుగా వాయువవుతుంది) తీసుకెళ్లాలంటే విమాన సంస్థ అనుమతి అవసరం. సాధారణ పరిమితి మనిషికి 2.5 కిలోలు. వాయువు బయటికి పోవాలి కనుక పెట్టెను గాలి చొరబడకుండా మూయకూడదు.

ట్యూనా, కానాగంత వంటివి వెచ్చబడితే వాటిలో ఏర్పడే హిస్టమిన్ అనే హానికర పదార్థం వండినా పోదు. వాసన లేకపోయినా అలాంటివి దయచేసి తినకండి.