ఎడమ పక్క కడుపునొప్పి... ఆపరేషన్ చేయించుకోవాలా?

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. గాజువాకలో ఉంటాం. కాస్త లావుగా ఉంటాను. మూడు రోజుల క్రితం బొడ్డుకు ఎడమవైపు కింద, ఒకేచోట పొడిచినట్టు నొప్పి మొదలైంది. జ్వరం, వాంతులు లేవు. ఆకలి, విరేచనం మామూలే. రక్తపరీక్షలు బాగానే ఉన్నాయన్నారు. సీటీ స్కాన్‌లో ‘ఎపిప్లోయిక్ అపెండజైటిస్’ అని వచ్చింది. నొప్పి మాత్రలిచ్చి ఇంటికి పంపేశారు. ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. ఆపరేషన్ చేయకపోతే లోపల ఏదైనా పగిలిపోతుందా? డ్యూటీకి ఎప్పుడు వెళ్లొచ్చు?
- ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: భయపడకండి, మీ డాక్టరు సరైన వైద్యమే చేశారు. మనందరికీ పెద్దపేగు బయటి గోడకు చిన్నచిన్న కొవ్వు ముక్కలు వేలాడుతుంటాయి. ఇవి 50 నుంచి 100 దాకా ఉంటాయి. వాటిలో ఒకటి మెలిపడినా, దానిలోని రక్తనాళం మూసుకుపోయినా రక్తం అందక వాచిపోతుంది. దీన్నే ఎపిప్లోయిక్ అపెండజైటిస్ అంటారు. మీ నొప్పి అదే. వాచింది ఆ కొవ్వు ముక్కే, పేగు కాదు. ఒంటి బరువు ఎక్కువగా ఉన్నవాళ్లలో ఇది కాస్త ఎక్కువ.

ఇది అరుదు కావడంతో చాలామంది పేరు కూడా విని ఉండరు. కుడివైపు వస్తే అపెండిసైటిస్ అని, ఎడమవైపు వస్తే డైవర్టిక్యులైటిస్ (పెద్దపేగు గోడలో ఏర్పడిన చిన్న తిత్తులు వాచడం) అని పొరబడే వీలుంది. సీటీ లేని రోజుల్లో పొట్ట కోశాకే ఇది బయటపడేది. ఇప్పుడు సీటీలో పేగును ఆనుకుని, చుట్టూ తెల్లటి అంచుతో కోలగా కనిపిస్తుంది. అలా స్పష్టంగా కనిపించాక కోత అక్కర్లేదు.

ఐబుప్రొఫెన్ లాంటి మాత్రలు నాలుగైదు రోజులు, అన్నం తిన్నాక వేసుకుంటే చాలు. అల్సర్, కిడ్నీ సమస్య ఉన్నా, రక్తం పలచబడే మందులు వాడుతున్నా ముందే డాక్టరుకు చెప్పండి. ఇది సూక్ష్మజీవుల వల్ల వచ్చింది కాదు కాబట్టి మామూలుగా యాంటీబయోటిక్ పనిలేదు, మెడికల్ షాపులో అడిగి కొనుక్కోవద్దు. పథ్యమూ లేదు. నొప్పి సాధారణంగా వారం, రెండు వారాల్లో పోతుంది. స్కాన్‌లో ఆ గుర్తు కొన్ని నెలలు ఉండొచ్చు, అందుకని మళ్లీ మళ్లీ తీయించుకోకండి.

జ్వరం వచ్చినా, వాంతులు మొదలైనా, పొట్ట గట్టిపడినా, నొప్పి తగ్గకపోగా పెరుగుతున్నా మాత్రం అర్ధరాత్రయినా సరే కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) క్యాజువాలిటీకో, సర్జన్ ఉన్న దగ్గరి ఆసుపత్రికో వెళ్లండి.

ఇది చదివే మిగతావారికీ ఒక మాట. స్కాన్ లేకుండా మీ కడుపునొప్పికి ఈ పేరు పెట్టుకోవద్దు. ముఖ్యంగా పిల్లలు పుట్టే వయసు ఆడవాళ్లకు పొత్తికడుపులో హఠాత్తుగా నొప్పి వస్తే, గర్భం ట్యూబులో నిలిచిందేమో ముందు చూడాలి. అది ప్రాణం మీదికి తెచ్చే సమస్య.

డ్యూటీ అంటారా, కుర్చీలో కూర్చుని చేసే పనైతే నొప్పి సర్దుకోగానే వెళ్లొచ్చు. బరువులెత్తే పనైతే నొప్పి పూర్తిగా పోయేదాకా ఆగండి.